ఇద్దరి పేర ఒక్కపొద్దు

శుక్రవారం మా ఇంట్లో సాయంత్రం దాకా పొయ్యి వెలిగేది కాదు. పాపకి పాలు కాచడానికి చిన్న కిరసనాయిలు స్టవ్వు ఒకటి ఉండేది, అంతే. గుళ్ళో జపమాల అయి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాకే నా భార్య బియ్యం కడిగేది. ఆ ఎసరు మరిగే చప్పుడు వింటూ నేను అరుగు మీద కూర్చునేవాణ్ణి. దారిన పోయేవాళ్ళు నన్ను చూసి, మాట్లాడించి అలసట పెట్టకూడదన్నట్టు, తల వంచి నమస్కారం పెట్టి వెళ్ళిపోయేవారు. ఆ నమస్కారాలు తీసుకున్న మనిషి పొద్దున్నే కడుపునిండా తిని వచ్చినవాడని వాళ్ళకి తెలియదు. ఈ నాలుగు మాటలూ రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మా ఆర్.సి.యం. క్రైస్తవుల్లో ఒక్కపొద్దు అంటే రోజుకి ఒక్కసారే నిండు భోజనం. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం, క్రీస్తు సిలువ మీద చనిపోయిన పవిత్ర శుక్రవారం, ఆ రెండు రోజులూ ఒంట్లో బాగున్న పెద్దవాళ్ళందరికీ అది తప్పనిసరి. ఈస్టరుకి ముందు నలభై రోజుల ఆ తపస్సు కాలంలో మిగిలిన శుక్రవారాలు మాంసం ముట్టకపోతే చాలు. చేప తినవచ్చు. గోదావరి పాయల మధ్య బతికేవాడికి చేప తినమనడం శిక్షెలా అవుతుందని గుళ్ళో జపాలు నడిపించే మా ఉపదేశిగారు నవ్వేవారు. మా ఇంటి ఒక్కపొద్దు వీటన్నిటికంటే కఠినమైనది. ఏడాది పొడుగునా ప్రతి శుక్రవారం, తెల్లవారింది మొదలు దీపాలు పెట్టే వేళ దాకా, మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. అది తిరుసభ పెట్టిన నియమం కాదు. నేను పెట్టింది.

పాపకి ఏడాదిన్నర వయసులో టైఫాయిడ్ వచ్చింది. డెబ్బైల నడుమ సంగతి. అమలాపురం ఆసుపత్రిలో పది రోజులు దాటినా జ్వరం దిగలేదు. పక్క మంచం మీద మురమళ్ళ దగ్గర పల్లెటూరి పిల్లవాడొకడు ఉండేవాడు. వాడి నాయనమ్మ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడుపు కట్టి, వీరేశ్వరస్వామికి ఇంటిల్లిపాదీ వచ్చి కల్యాణం చేయిస్తామని పైకే మొక్కుకుంది. ఇంటిల్లిపాదీ అన్న ఆ మాట ఆమె ఎంత ధీమాగా అందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఎవరినీ అడగలేదు. ఇంటికి పెద్ద ఆవిడ, అందరి తరఫునా మాట ఇచ్చేసింది. నేను చూస్తూ ఉండటం చూసి, మీ దేవుడికి మీరూ ఏదో ఒకటి అనుకోండి బాబూ, మొహమాటపడతారేంటి అంది.

నేను పాప మంచం పక్కన మోకరించాను. ఈ పిల్లని మాకు దక్కిస్తే, అది మొదటి సత్ప్రసాదం పుచ్చుకునే దాకా నేనూ నా భార్యా ప్రతి శుక్రవారం మంచినీళ్ళ మీద ఒక్కపొద్దు ఉంటామని, ఆ నాయనమ్మకి వినపడేటట్టే అన్నాను. మాలో పిల్లలకి ఎనిమిదేళ్ళు దాటాకే పూజలో గురువుగారు మొదటిసారి ఆ అప్పం నాలుక మీద పెడతారు, అదే మొదటి సత్ప్రసాదం. అంటే ఇంచుమించు ఏడేళ్ళ మొక్కు.

నా భార్య అప్పుడు బయట కుళాయి దగ్గర గుడ్డలు ఉతుకుతోంది. లోపలికి వచ్చేసరికి నాకంటే ముందు ఆ నాయనమ్మే చెప్పేసింది, నీకూ మీ ఆయనకీ కలిపి మొక్కేసేరమ్మా అని. నా భార్య చేతిలో తడిగుడ్డ పిండుతూ నా వంక చూసింది.

"ఆయ్" అంది.

మూడో రోజుకి జ్వరం దిగింది.

నేనొక్కణ్ణే ఉంటానని ఎందుకు అనలేదా అని తరువాత చాలాసార్లు నన్ను నేను అడుక్కున్నాను. ఇద్దరిదైతే మొక్కు బరువుగా ఉంటుందనుకున్నాను, అది ఒకటి. ఇంకొకటి కూడా ఉంది. నేను పస్తు ఉండి, ఇంట్లో పోపు వాసన వస్తే ఓర్చుకోలేనని మోకాళ్ళ మీద ఉన్నప్పుడే నాకు తట్టింది. చావుబతుకుల్లో ఉన్న పిల్ల పక్కన మోకరించినవాడికి పోపు వాసన గుర్తుకు రావడం గొప్ప సంగతి కాదు. కాని వచ్చింది.

మొదటి ఏడాది నిజాయితీగానే ఉన్నాను. నేను రాజోలుకి అవతల ఒక మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారిని. రోజూ సైకిలు మీద వెళ్ళి రావాలి. మిగిలిన రోజుల్లో హ్యాండిలుకి క్యారియర్ వేలాడేది. శుక్రవారం హ్యాండిలు బోసిగా ఉండేది. ఆ బోసి హ్యాండిలు చూసే ఊళ్ళో సంగతి పాకింది. స్కూల్లో ఎవరైనా టీ తెప్పిస్తే, మాస్టారికి ఇవ్వకండి, ఇవాళ శుక్రవారం అనేవారు. ఒక ఆదివారం పూజలో మా విచారణ గురువుగారు, అంటే మా గుడి ఫాదర్ గారు, ప్రసంగం చేస్తూ, ఈ ఊళ్ళోనే ఒక దంపతులు ఉన్నారు, నేను పేరు చెప్పను అన్నారు. గుడంతా తిరిగి మా వరస వంక చూసింది. నా భార్య కొంగు ముఖం మీదికి లాక్కుంది. నేను లాక్కోవడానికి నాకు కొంగు లేదు, ఉన్నా లాక్కునేవాణ్ణి కాదు. ఆ మర్యాద నాకు అన్నం కంటే రుచించింది.

రెండో ఏడు, శ్రావణంలో, ఒక శుక్రవారం పొద్దున్న దారిలో వాన పట్టుకుంది. రాజోలు బస్టాండు వెనక సందులో ఒక చిన్న హోటలు ఉండేది. చూరు కింద నిలబడ్డాను. పళ్ళు కొట్టుకుంటున్నాయి. లోపల పెనం మీద పెసరట్టు కాలుతోంది, పైన అల్లం ముక్కలు, పచ్చిమిర్చి. హోటలాయన నన్ను పిలవలేదు కూడా. నేనే లోపలికి వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాను. పెసరట్టులో ఉప్మా పెట్టించుకుని తిన్నాను. తిన్నంతసేపూ ఇది ఒక్కసారే అనుకున్నాను.

పై శుక్రవారం వాన లేదు. మళ్ళీ వెళ్ళాను. ఆపై శుక్రవారం కూడా వెళ్ళాను. మిగతా రోజుల్లో క్యారియర్ ఉండేది గనక ఆ సందులోకి తిరిగే అవసరమే ఉండేది కాదు. కొన్నాళ్ళకి ఆ హోటలాయన నన్ను గుర్తుపట్టి, నేను సైకిలు స్టాండు వేస్తుండగానే లోపలికి కేక వేయడం మొదలుపెట్టాడు.

"శుక్రవారం మాస్టారొచ్చేరు, ఒక ఉప్మా పెసరట్టు!"

ఒకసారి దగ్గరికొచ్చి, శుక్రవారం మీకేదైనా విశేషమాండీ, వారానికోసారి ఇలా వస్తారు అని అడిగాడు. ఆయ్ అన్నాను. మా ఊళ్ళో శుక్రవారానికి తినని మనిషిని, రాజోల్లో శుక్రవారానికే తినే మనిషిని. రెండు చోట్లా నాకు మర్యాదే జరిగింది.

అల్లం, ఉల్లిపాయ వాసన పోవడానికి లవంగాలు నమిలేవాణ్ణి. ఒక శుక్రవారం నా భార్య పసిగట్టి, లవంగం వాసనేంటండీ అని అడిగింది. పన్ను నొప్పి అన్నాను. అప్పటినుంచి ప్రతి శుక్రవారం నేను ఇంటికి వచ్చేసరికి చెంబులో గోరువెచ్చని ఉప్పునీళ్ళు ఉండేవి. తన కోసం వెలిగించని స్టవ్వు నా పంటి కోసం వెలిగించేది. నేను గోడ వారన నిలబడి, బాగున్న పళ్ళని పుక్కిలించేవాణ్ణి.

అన్నిటికంటే కష్టం సాయంత్రం భోజనం. ఆకలి ఉన్నట్టు తినాలి. అంత దూరం సైకిలు తొక్కేరు, బళ్ళో అరిచేరు అంటూ ఆమె నాకే ముందు వడ్డించేది. చేపల పులుసులో పెద్ద ముక్కలు నా కంచంలో పడేవి. తలా తోకా ఆమెకి మిగిలేవి. కాస్త తగ్గించమంటే అనుమానం వస్తుందని అన్నీ తినేవాణ్ణి. ఇంకో గరిట వేసినా తినేవాణ్ణి.

ఇదంతా ఎక్కడో ఒక చోట ఆపవచ్చు కదా అని చదివేవాళ్ళకి అనిపిస్తుంది. నాకూ ప్రతి గురువారం అనిపించేది. రేపు ఆ సందులోకి తిరగకపోతే సరి. కాని ఆపినంత మాత్రాన జరిగింది పోదు. పాపసంకీర్తనంలో, గురువుగారి పక్కన మోకరించి, ఆ పాపం నోటితో చెప్పాలి. మా విచారణ గురువుగారు నన్ను పదేళ్ళుగా ఎరిగినవారు. మధ్యలో ఉండే జాలీ వెనక నుంచి నా గొంతు గుర్తుపడతారు. ఆయన ఎవరికీ చెప్పరు, చెప్పకూడదు, అది నాకు తెలుసు. అయినా ప్రసంగంలో పొగిడిన నోటితోనే ఆయన నా పాపం వినాలి. అందుకని కోపం తెచ్చుకున్నాననీ, పిల్లల్ని బెత్తంతో కొట్టాననీ, చిన్నవి చెప్పి పెద్దది మింగేవాణ్ణి. పెద్ద పాపం దాచి చేసిన సంకీర్తనం చెల్లదని, బడిలో పిల్లలకి జ్ఞానోపదేశం చెప్పేది నేనే. చెల్లని సంకీర్తనంతో సత్ప్రసాదం పుచ్చుకోవడం ఇంకా పెద్ద పాపమని చెప్పేదీ నేనే. మరి పుచ్చుకోకుండా ఉందామా అంటే, మొదటి వరసలో నిలబడేవాణ్ణి, పూజలో బైబిలు పఠనాలు చదివేవాణ్ణి. నేను లేవకపోతే ఊరంతా ఎందుకని అడుగుతుంది. అందుకని ప్రతి ఆదివారం లేచి వెళ్ళి నాలుక చాపేవాణ్ణి. ఒక అబద్ధం శుక్రవారంతో అయిపోయేది కాదు, ఆదివారం దాకా నడిచేది. సోమవారం నుంచి మళ్ళీ శుక్రవారం దగ్గరపడేది.

మూడో ఏడు నా భార్యకి కడుపునొప్పి మొదలైంది. మొదట శుక్రవారాల్లోనే. మధ్యాహ్నం గేదెకి కుడితి పెడుతూ పెడుతూ అక్కడే గొంతుకూర్చుని, మోకాళ్ళు పొట్టకి నొక్కుకుని ఉండిపోయేది. తరువాత మిగతా రోజుల్లోనూ వచ్చింది. మిషన్ ఆసుపత్రిలో నర్సమ్మగా ఉన్న సిస్టరుగారు చూసి, కడుపులో పుండు పడిందన్నారు. వేళకి తినాలి, కడుపు ఖాళీగా ఉంచకూడదు అన్నారు. శుక్రవారాలు ఒక్కపొద్దు ఉంటున్నానని నా భార్య చెప్పింది. జబ్బుగా ఉన్నవాళ్ళకి ఒక్కపొద్దు లేదమ్మా, తిరుసభే తీసేసిందని సిస్టరుగారు మెత్తగా చెప్పారు.

"తిరుసభ పెట్టిందైతే తీసేస్తుందండీ. ఇది పిల్ల మీద మొక్కు" అంది నా భార్య.

సిస్టరుగారు నా వంక చూశారు, మీరైనా చెప్పండి అన్నట్టు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

ఇంటికొస్తూ దారిలో ఆమే మళ్ళీ ఎత్తింది. తను ఇప్పుడు ముద్ద నోట్లో పెట్టుకుంటే, రేపు పాపకి ఏదైనా అయితే తను బతకగలదా అని అడిగింది. అయినా మీరు ఉంటున్నారు కదా, ఎండలో సైకిలు తొక్కే మగవాడు ఉండగా నీడపట్టున ఉండే నేను ఉండలేనా అంది.

అక్కడ నాకు స్పష్టంగా తెలిసింది. ఆమె భయం పోగొట్టగల మాట ఈ లోకంలో ఒక్కటే ఉంది, అది నా దగ్గరే ఉంది. నేను ఏడాదికి పైగా మొక్కు తప్పుతూనే ఉన్నాను, పాప గడప దాటి పరిగెత్తుతూనే ఉంది. దేవుడు పిల్లల్ని అలా వసూలు చేసుకునేవాడు కాడని నా పాపమే రుజువు. నోరు విప్పితే ఆమె అన్నం తింటుంది. నోరు విప్పితే నేను ఆమె ముందు మనిషిగా మిగలను. ఈ రెండింటి మధ్య ఆ రోజు ఇల్లు వచ్చేదాకా నడిచాను. ఇల్లు వచ్చింది. నేను మాట్లాడలేదు. అలా ఇంకో రెండేళ్ళు మాట్లాడలేదు. ఆమె చిక్కిపోయింది. జాకెట్టు భుజాల దగ్గర వదులై జారేది. కుట్లు బిగించుకునేది.

ఐదో తపస్సు కాలంలో, పాస్కా, అంటే ఈస్టరు పండుగకి ముందు సంకీర్తనాలు వినడానికి పొరుగు విచారణ నుంచి ఒక కుర్ర గురువుగారు వచ్చారు. నా గొంతు ఎరగని మనిషి. వరసలో చిట్టచివర నిలబడి, ఆయన ముందు మొత్తం చెప్పేశాను. ఆయన పెసరట్ల గురించి కాదు, మొక్కు గురించి అడిగారు.

"మీ భార్యగారు తన నోటితో తను మొక్కుకున్నారా?"

"లేదండీ. నేనే మొక్కేను, ఇద్దరి పేరా."

"ఒకరి మొక్కు ఇంకొకరిని కట్టదండీ. మొక్కుకున్న నోటికే మొక్కు. ఆవిడకి మొదట్నుంచీ ఏ మొక్కూ లేదు."

బడిలో జ్ఞానోపదేశం చెప్పేవాణ్ణి. ఇది నాకు తెలియదు. ఆసుపత్రిలో పక్క మంచం నాయనమ్మ ధీమా చూసి, ఇంటి పెద్ద మొక్కితే ఇంటికంతా అంటుకుంటుందనుకున్నాను. ఊళ్ళో అందరూ అలాగే అనుకునేవారు. మా విచారణ గురువుగారిని నేనెప్పుడూ అడగలేదు, ఆయనకి ఆమె మొక్కుకోలేదని తెలియదు. కట్టుబడినవాణ్ణి నేనొక్కణ్ణి, తిన్నవాణ్ణి నేనొక్కణ్ణి. ఏ కట్టూ లేని మనిషి ఐదేళ్ళుగా పస్తు ఉంటోంది.

ప్రాయశ్చిత్తంగా జపాలేమీ ఇవ్వలేదాయన. ఇంటికెళ్ళి ఆవిడకి రెండు సంగతులూ చెప్పండి, ఆవిడకి మొక్కు లేదనీ, మీరు మొక్కు తప్పారనీ అన్నారు. మిగిలిన కాలం మాత్రం మీ మొక్కు మీరు తీర్చండి అన్నారు.

నేను ఒక్కటే చెప్పాను. ఆ సాయంత్రం ఆమె గేదె పాలు పితుకుతుంటే దగ్గర నిలబడి, కుర్ర ఫాదర్ గారిని అడిగాననీ, నీకు మొక్కు లేదన్నారనీ, వచ్చే శుక్రవారం నుంచి తినమనీ చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"మీకో?"

"నాకుంది. నేను మొక్కుకున్నాను కదా."

"మీరు ఖాళీ కడుపుతో సైకిలెక్కి పోతుంటే నేను పొయ్యి దగ్గర కూచుని తింటానా? ఊరుకోండి."

సగం నిజం ఆమెని విడిపించకపోగా ఇంకా గట్టిగా కట్టేసింది. అంతకుముందు ఆమె పాప కోసం ఉండేది. ఇప్పుడు నా కోసం కూడా ఉంటోంది.

పవిత్ర శుక్రవారం వచ్చింది. ఆ రోజు బడికి సెలవు. సెలవు గనక రాజోలు వెళ్ళే పని లేదు. అయినా నేను గుళ్ళో కొవ్వొత్తులు సరిపోవేమో, తెచ్చిపెడతానని ఉపదేశిగారికి చెప్పి, తెల్లవారగానే బయలుదేరాను. కొవ్వొత్తులు నిజంగానే కావాలి. హోటలాయన మరి సెలవు కదండీ అని ఆశ్చర్యపోయాడు. కాఫీ ఒక్కటే తాగుదామనుకున్నాను. కాఫీ తాగాక కూర్చున్నవాణ్ణి లేవలేదు. లోకంలో ఉన్న ఆర్.సి.యం. వాళ్ళంతా ఒక్కపొద్దు ఉండే రోజున, నేను ఉప్మా పెసరట్టు తిని, లవంగం బుగ్గన పెట్టుకుని, కొవ్వొత్తుల పొట్లం పట్టుకుని వచ్చాను.

మా ఊళ్ళో ఆ రోజు సిలువ మార్గం వీధుల్లో జరిగేది. క్రీస్తు సిలువ మోసిన నడకని తలుచుకునే పద్నాలుగు స్థలాలకీ పద్నాలుగు ఇళ్ళ ముందు బల్లలు వేసి, తెల్లగుడ్డ పరిచి, సిలువ, కొవ్వొత్తులు పెట్టేవారు. పెద్ద కర్రసిలువ మోసేవాళ్ళు ముందు, మైకు పెట్టిన రిక్షా వెనక, మధ్యలో జనం. ప్రతి స్థలం దగ్గరా మట్టిలో మోకరించాలి. జపాలు చదివేది నేనే. మిట్టమధ్యాహ్నం, కొబ్బరి మట్టల నీడ కాళ్ళ కిందికే పడుతోంది. నా భార్య గురువారం సాయంత్రం తిన్న మనిషి.

పదో స్థలం దగ్గర అందరూ మోకరించి లేచారు. ఆమె లేవలేదు. పక్కకి ఒరిగిపోయింది.

ఇద్దరు ఆడవాళ్ళు ఆమెని మోసి పక్కింటి అరుగు మీద పడుకోబెట్టారు. నేను జపాల పుస్తకం ఉపదేశిగారి చేతిలో పెట్టి వచ్చాను. ఊరేగింపు ముందుకి సాగింది. అరుగు మీద నేనూ, నా భార్యా, ఆ ఇంటి పిన్నిగారూ మిగిలాం. పాప మెట్టు మీద కూర్చుని బల్ల మీంచి కారిన మైనం గిల్లుతోంది. పిన్నిగారు గ్లాసులో పంచదార నీళ్ళు కలిపి తెచ్చారు. నా భార్య కళ్ళు తెరిచింది. గ్లాసు దగ్గరికి రాగానే పెదాలు బిగించింది. ముఖం తెల్లగా ఉంది, రెండు చేతులూ పొట్ట మీద ఉన్నాయి. నేను గ్లాసు తీసుకుని తాగమన్నాను.

"మీరుంటున్నారు కదండీ. దీపాలు పెట్టేదాకే కదా. నేనూ ఉంటాను."

"నేను ఉండటం లేదు" అన్నాను. "పొద్దున్న తిన్నాను. రాజోల్లో."

పిన్నిగారు నవ్వారు.

"చూసేవా అమ్మా, నీ చేత గుక్కెడు నీళ్ళు తాగించడానికి మాస్టారు ఇవాళ్టి రోజున అబద్ధం కూడా ఆడేస్తున్నారు. ఇంకా బెట్టు చేస్తావా?"

నా భార్య కూడా కొంచెం నవ్వింది. నన్ను చూసి, మెచ్చుకోలుగా. ఏ శిక్షా అంత నొప్పి పెట్టదు. నాలుగేళ్ళు దాచిన నిజం చివరికి బయట పెడితే, అదీ నా మంచితనం పద్దులోనే పడుతోంది. అబద్ధం కాదన్నాను. ప్రతి శుక్రవారం తింటున్నానన్నాను. బస్టాండు వెనక హోటలు అన్నాను. సరే సరే, తిన్నారు, మేం నమ్మేం అన్నారు పిన్నిగారు, చిన్నపిల్లవాణ్ణి ఊరుకోబెట్టినట్టు.

నేను వంగి ఆమె చెవి దగ్గర చెప్పాను.

"నాకు పన్ను నొప్పి లేదు. ఎప్పుడూ లేదు."

నవ్వు ఆగిపోయింది. ఆమె నా ముఖంలోకి చూసింది, తరువాత నా బుగ్గ వైపు చూసింది, లవంగం ఉండే చోటుకి. ఒక్కొక్క శుక్రవారమూ వెనక్కి తిరిగి చూసుకుంటోందని నాకు తెలుస్తోంది. తరువాత తల తిప్పి పాప కోసం చూసింది. చెయ్యి చాపి దగ్గరికి రమ్మంది. పాప వస్తే నుదుటి మీద అరచెయ్యి వేసి చాలాసేపు ఉంచింది. చల్లగానే ఉంది. మైనం అంటిన వేళ్ళతో పాప ఆ చెయ్యి తోసేసి మళ్ళీ మెట్టు దగ్గరికి పోయింది.

నా భార్య గ్లాసు అందుకుని మొత్తం తాగింది.

అదీ అన్నారు పిన్నిగారు తృప్తిగా. సాయంత్రానికి ఊళ్ళో ఈ కథే చెప్పుకున్నారు, భార్య ప్రాణం కోసం తన ఒక్కపొద్దు పోయిందని అబద్ధమాడిన మాస్టారి కథ.

ఇంటికి రిక్షాలో తీసుకొచ్చాను. మంచం మీద పడుకుని, కప్పు వంక చూస్తూ, ఎన్నేళ్ళన్నారు అని అడిగింది. నాలుగు కావస్తోందన్నాను. పాపకి తట్టు పోసిన ఏడు కూడానా అంది. ఆ ఏడు కూడా అన్నాను. అప్పుడు చెప్పింది, నాకెప్పుడూ చెప్పని సంగతి. ఆ ఏడు ఒక శుక్రవారం పాపకి రాత్రి మిగిలిన అన్నంతో పాలన్నం తినిపిస్తూ, ధ్యాస తప్పి, వేలికి అంటిన మెతుకులు తన నోట్లో పెట్టుకుందట. వారం తిరక్కుండా పాపకి తట్టు పోసింది. తన మూలానే అనుకుంది. సంకీర్తనంలో చెప్పుకుంది. తప్పు తీరడానికని బుధవారాలు కూడా పస్తు ఉందట, నాకు తెలియకుండా, ఆరు నెలలు. కడుపునొప్పి ఆ తరువాతే మొదలైంది.

రెండు మెతుకులు అంటే రెండే మెతుకులు. నేను ఆ శుక్రవారం ఏం తిన్నానో నాకు తెలుసు.

నేను మంచం పక్కన కింద కూర్చున్నాను. తప్పైపోయింది, క్షమించమన్నాను. ఆమె ఏడవలేదు. నా వైపు తిరగలేదు.

"క్షమించడానికి ఫాదర్ గారున్నారండీ. నాకు ఆకలేస్తోంది."

లేచి వంటింట్లోకి వెళ్ళాను. నూకలు ఏ డబ్బాలో ఉంటాయో నాకు తెలియదు. మంచం మీంచే చెప్పింది, ఎడమ పక్క రెండోది అని. ఉప్పు ఎక్కడో చెప్పింది. నీళ్ళు ఎన్ని పోయాలో చెప్పింది. జావ అడుగంటింది. మజ్జిగ పోసి ఇస్తే, మాడు వాసనతోనే, గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగింది. ఆ రోజు గుళ్ళో గంట మోగించరు గనక, దానికి బదులు కొట్టే చెక్క చప్పుడు వినిపిస్తోంది. పాలు కాకుండా మా ఇంట్లో శుక్రవారం పగలు ఏదైనా ఉడకడం పాప ఎరగదు. వచ్చి నాకూ జావ కావాలంది.

ఆ పై శుక్రవారం నుంచి నా మొక్కు నేను తీర్చాను. పాప మొదటి సత్ప్రసాదం దాకా, ఆ తరువాత కూడా, ఇప్పటికీ. ఇందులో గొప్పేమీ లేదు, ఆలస్యంగా మొదలుపెట్టినవాడు ఆలస్యంగా ముగిస్తాడు. మా విచారణ గురువుగారి దగ్గరికే వెళ్ళి అన్నీ మళ్ళీ చెప్పాను. ఊళ్ళో కొందరికి కూడా చెప్పబోయాను. వాళ్ళు వినయం అనుకున్నారు. ఇంకా చెబితే ఇంకా వినయం అనుకున్నారు. అందులోంచి బయటికి దారి నాకు దొరకలేదు. రాజోలు సందు మొదట్లో ఒకసారి హోటలాయన ఎదురుపడి, ఏం మాస్టారూ మానేసేరు అని అడిగాడు. ఒక్కపొద్దండీ అన్నాను. కొత్తగానా అన్నాడు. కొత్తగానే అన్నాను. ఇంటికీ గుడికీ బయట ఆ ఒక్క మనిషికే నేను పూర్తి నిజం చెప్పగలిగాను.

నా భార్య కడుపు పూర్తిగా బాగుపడలేదు. మాత్రలు దగ్గర పెట్టుకునే బతికింది, కారం మానేసింది. కాని శుక్రవారం పొద్దున్నే ఎనిమిదింటికల్లా వేడన్నం వండుకుని, వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని తినేది. నేను బడికి తయారవుతుండగానే, నా ఎదురుగానే. తొందరపడేది కాదు. నేను సాయంత్రం వచ్చాక ఉన్నారా అని ఒక్క శుక్రవారం కూడా అడగలేదు. ఉన్నానని చెప్పాలని నాకు చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే నమ్మాలా వద్దా అన్నది మళ్ళీ ఆమె మీద పడుతుంది. అందుకని చెప్పలేదు. ఆమె కంచం కడిగి బోర్లించి, వాకిట్లోకి తొంగిచూసి, మబ్బేసింది, గొడుగు పట్టుకెళ్ళండి అనేది. నేను గొడుగు సైకిలుకి కట్టుకుని వెళ్ళేవాణ్ణి.